అక్క పెళ్ళికి గద్వాల పట్టు కొసలు

తిరిగొచ్చి రెండు వారాలైంది. ఇప్పటికీ నా చేతిసంచి దులిపితే ఓ ఎర్ర పోగో, చిలకపచ్చ పోగో రాలుతోంది. మొన్న మా పిల్లి ఒకటి మింగి ఇంటిల్లిపాదినీ హడలగొట్టింది. అయినా ఆ సంచి ఉతకడానికి నాకు మనసు రావడం లేదు. పాలమూరు వైపు ఎప్పుడూ వెళ్ళనివాళ్ళకి, ముఖ్యంగా నాలాగా పొద్దస్తమానం లేసు సూది పట్టుకుని కూర్చునే ఆడవాళ్ళకి, ఈ ప్రయాణం సంగతి చెప్పి తీరాలి.

మాది నరసాపురం పక్కన పల్లె. మా వైపు ఆడపిల్లకి అక్షరాల కంటే ముందు లేసు కుట్టడం వస్తుంది. తెల్ల నూలు దారం, కొన కొక్కెంలా వంగిన సన్నటి సూది, అంతే సరంజామా. మేం కుట్టిన బల్లగుడ్డలు ఏజెంట్ల చేతుల మీదుగా ఓడలెక్కి వెళ్ళిపోతాయి. ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరుస్తారో మాకు తెలియదు. మా పద్మక్క నలభై ఏళ్ళుగా అదే పని చేస్తోంది. వచ్చిన సంబంధాలు ఏవేవో కారణాలకి తప్పిపోయాయి, తర్వాత రావడమే మానేశాయి. అక్క ఆ ఊసెత్తడం మానేసింది. అలాంటిది యాభై రెండో ఏట, రేవులో గోదావరి దాటించే పంటు మీద టిక్కెట్లు చింపే వెంకటరత్నం గారిని పెళ్ళి చేసుకుంటానంది! పదిహేనేళ్ళుగా లేసు మూట పట్టుకుని ఆ పంటు మీదే అటూ ఇటూ తిరుగుతోంది కదా, మాలో ఒక్కరం కనిపెడితే ఒట్టు. నేను ఎగిరి గంతేశాను.

పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో, ఆర్భాటం ఏమీ వద్దంది. కానీ బుద్ధెరిగాక మొదటిసారి నన్నొకటి అడిగింది.

"నాకో శాలువా కుట్టవే. నూలుతో కాదు, పట్టుతో. తెలుపు మాత్రం వద్దు, తెల్ల దారం చూసీ చూసీ నా కళ్ళు పోయాయి. మన చేత్తో కుట్టింది ఒక్కటైనా నా దగ్గర ఉండాలి కదా."

పెళ్ళికి పదకొండు రోజులుంది. హైదరాబాదులో ఓ కొట్టుకి ఫోన్ చేస్తే, అల్లికకి పనికొచ్చే విదేశీ పట్టుదారం యాభై గ్రాముల ఉండ పద్దెనిమిది వందలన్నారు. శాలువాకి ఆరు ఉండలైనా కావాలి. నా దగ్గర ఉన్నది మొత్తం నాలుగు వేలు, దారిఖర్చులతో సహా. నీరుగారిపోయి కూర్చున్నప్పుడు వెంకటరత్నం గారు కొన్న పెళ్ళిచీర విప్పి చూశాను. గద్వాల చీర. మామిడిపండు రంగు నూలు ఒళ్ళు, మెరూన్ పట్టు అంచు. కొంగు చివర వేలాడే పట్టు పోగులు వేళ్ళకి తగిలాయి. అబ్బ, ఏం మెత్తదనం! మగ్గాల దగ్గర ఇలాంటి కొసలు ఎన్ని కోసేస్తుంటారో, వాటిని ఏం చేస్తుంటారో? ఆ ప్రశ్నే నన్ను రైలెక్కించింది.

గద్వాలలో పొద్దున్నే

గద్వాలలో దిగగానే ఆకలి. స్టేషను బయట బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ప్లేటు ముప్పై రూపాయలు. మా వైపు మరమరాలంటే సాయంత్రం పిల్లలు గుప్పిట్లో పోసుకు తినేవి. ఇక్కడ వాటినే నీళ్ళలో తడిపి, పిండి, ఉల్లిపాయ, పసుపు తాలింపు వేసి, పైన పప్పులపొడి చల్లి పొద్దుటి ఫలహారం చేసేశారు. మొదటి ముద్దకే నా ముక్కు కారింది.

"కారం కాస్త తగ్గించి పెట్టండి బాబూ," అన్నాను.

బండాయన నవ్వాడు. "గిది కారం గాదక్కా. కారం గావాల్నంటె జెప్పు, ఏస్త."

అడుగుతూ అడుగుతూ నేతగాళ్ళ వీధికి చేరాను. గుమ్మం గుమ్మంలోంచీ మగ్గాల చప్పుడు. ఒకచోట తలుపు బార్లా తీసి ఉంటే లోపలికి తొంగిచూశాను. నేలలో గుంట, ఆ గుంటలో కాళ్ళు పెట్టుకుని ఒకాయన నేస్తున్నారు. పేరు నర్సింహులు. ఆయన పక్కన చాప మీద వాళ్ళమ్మ ఈరమ్మ, డెబ్భై దాటి ఉంటాయి, నాకంటే చురుగ్గా ఉంది.

"పట్టు కొసలేవన్నా మిగిలుంటే అమ్ముతారాండీ?" అన్నాను.

నర్సింహులు మగ్గం ఆపేశాడు. "చీరలకు వచ్చేటోళ్ళను శానమందిని జూసిన గని, కొసలకు వచ్చినోళ్ళను ఇప్పుడే జూస్తున్న. అమ్మా, ఈమె జూడు, కొసలు గావాల్నంట!"

ఈరమ్మ లేచి దూలానికి వేలాడుతున్న గుడ్డసంచి దించింది. చీరకీ చీరకీ అంచు రంగు మార్చినప్పుడు పాత పోగుల కొసలు కోసేస్తారట. "పారేయబుద్ధి గాలె బిడ్డా. పట్టు గదా. ఏండ్ల సంది గిట్లనె ఏసి పెట్టిన," అంటూ సంచి నా ముందు బోర్లించింది.

మెరూన్, నెమలికంఠం, చిలకపచ్చ, ఆవపువ్వు పసుపు, వంకాయ రంగు! ముప్పావు కిలో పైనే ఉంటుంది. పండగ మిఠాయి దుకాణం ముందు నిలబడ్డ చిన్నపిల్లనైపోయాను. ఎంతివ్వమంటారంటే ఆ తల్లీకొడుకులు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వాటికి ధర ఉంటుందనే వాళ్ళు అనుకోలేదు. చివరికి ఐదు వందలు చేతిలో పెడితే ఈరమ్మ అది కళ్ళకద్దుకుంది.

చిక్కల్లా ఒకటే. ఏ కొసా మూరన్నరకి మించి లేదు.

బూడిద అతుకు

మూరన్నర పోగులతో శాలువా కుట్టాలంటే వందల అతుకులు. నేను అక్కడే కూర్చుని నాలుగేసి పోగులు కలిపి ముడులు వేయడం మొదలుపెట్టాను. ఈరమ్మ కాసేపు చూసి నా చేతిలోంచి లాగేసుకుంది.

"ఏందిది? ముడులేస్తరా పట్టుకు? గట్ల కాదు, గిట్ల జూడు."

ఆమె పనే అది. పడుగంటే మగ్గం మీద పొడుగునా సాగే పోగులు. పాత పడుగు అయిపోవస్తుంటే కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే దానికి అతుకుతుంది. వేలికి ఇంత బూడిద అద్దుకుని, రెండు కొసలూ జోడించి, బొటనవేలితో ఒక్క నలుపు నలిపి వదిలేసింది. అతుకు ఎక్కడుందో వెతికినా కనబడలేదు. వేల పోగులు ఇలాగే అతుకుతుందట, ముడి అన్నమాటే లేకుండా.

ఆ రోజంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా నేర్చుకున్నాను. మొదట్లో నా అతుకులన్నీ ఊడిపోతే నర్సింహులు మగ్గంలోంచే పగలబడి నవ్వాడు. తర్వాత పట్టుబడింది. మధ్యలో జొన్నరొట్టె, పచ్చిపులుసు. మేం అన్నం తినేవాళ్ళం, నాకు రొట్టె ఒక్క చేత్తో తుంచడం చేతకాలేదు. ఎడంచెయ్యి సాయం పట్టాను. ఈరమ్మ చూసీ చూడనట్టు మొహం తిప్పుకుంది. ఆ మర్యాదకి నేను దాసోహం.

ఇదంతా ఎవరికోసమో చెప్పాను. ఆమె బూడిద చేతులతోనే చప్పట్లు కొట్టింది.

"యాభై రెండేండ్లకా! మంచిగ జేసింది. ఇన్నేండ్లు సూసినంక దొరికినోడు మంచోడె అయితడు."

వచ్చేటప్పుడు పెట్టె అడుగునుంచి ఓ చిన్న పొట్లం తీసి ఇచ్చింది. విప్పితే పట్టు కొసలు, పెళ్ళిచీర అంచు మెరూనే, కొంచెం కూడా తేడా లేదు. దానికి డబ్బు ముట్టుకోలేదు.

బస్సులో అల్లిక

గద్వాల నుంచి వనపర్తి బస్సు. కిటికీ పక్క సీటు దొరకగానే సూది తీశాను. అతికిన పట్టు సూది మీద జారుతుంటే ఎంత హాయి! నలభై ఐదేళ్ళ జీవితంలో ఇంత మెత్తటి దారం నా వేళ్ళ మీదికి రాలేదు. ఇటిక్యాల దాటేసరికి చేతి రుమాలంత అయింది. బీచుపల్లి దగ్గర బస్సు కృష్ణ మీది వంతెన ఎక్కింది. గోదారి ఒడ్డున పుట్టినదాన్ని, ఇంకో నది కనబడితే పరాయి ఇంటి వంట రుచి చూసినట్టు కాస్త అనుమానంగా చూస్తాను. బాగానే ఉంది, ఒప్పుకోవాలి. ఇక్కడ పంటు లేదేమని పక్కనున్నామెని అడిగితే, "పంటేంది?" అంది. పెబ్బేరు వచ్చేదాకా మా పంటు గురించి, దాని మీది టిక్కెట్లాయన గురించి, మా అక్క గురించి చెబుతూనే ఉన్నాను. ఆమె దిగుతూ, "మీ అక్కకు మంచిగ జేసిందన్ననని జెప్పు," అని పోయింది. పేరైనా అడగలేదు నేను.

వనపర్తిలో విప్పి చూస్తే

వనపర్తిలో రాజుల కోటలో ఇప్పుడు చదువులు సాగుతున్నాయి. పొద్దున్నే ఆ ప్రహరీ పక్కన అరుగు మీద కూర్చుని నా పనితనం నేనే మురిసిపోదామని ముక్కని రెండు చేతులా సాగదీశాను.

టుప్పున ఒక కన్నం పడింది. దాని పక్కన ఇంకొకటి. కళ్ళముందే అతుకులు ఒకదాని వెంట ఒకటి జారిపోయాయి. రెండు రోజుల పని ఒళ్ళో పోగులపోగై కూర్చుంది.

నర్సింహులుకి ఫోన్ చేస్తే ఈరమ్మ మాట్లాడింది.

"మగ్గం మీద పోగు సక్కగ పోతది బిడ్డా. అడ్డంపోగు దాన్ని ఒత్తి పట్టుకుంటది. నీ సూది దాన్ని గుంజి మెలికలు తిప్పుతదాయె. బూడిద అతుకు గంత గుంజుడుకు ఆగదు. నీ సూది సంగతి నాకేం తెల్సు?"

ఆమె తప్పేం లేదు. నేతగాళ్ళ అతుకు నేతకే. లేసు అల్లేదాన్ని, ఆ మాత్రం తెలుసుకోవద్దూ? కనబడని అతుకు అనేసరికి ఒళ్ళు మరిచిపోయాను. పోనీ ముడులే వేద్దామంటే, వందల ముడులున్న శాలువా కాకరకాయ తొక్కులా గరుగ్గా తగులుతుంది. అక్క జీవితంలో అడిగింది ఒక్కటి, అదీ చేతకాలేదనుకుంటే నాకు కళ్ళనీళ్ళాగలేదు. రోడ్డు మీదని కూడా చూడకుండా ఏడ్చాను.

"ఏమైందక్కా? దవాఖానకు పోవాల్నా?"

ఎదురుగా తలపాగా చుట్టిన పెద్దాయన. అంత ఎండలో భుజం మీద నల్లగొంగడి. గొర్రెలకి మందు కొనడానికి వచ్చాడట, పేరు బాలయ్య. నేను ఆయన గొంగడినే చూస్తున్నాను. దాని అంచు పట్టుకుని ఒక పోగు లాగి చూశాను. ఆయన పాపం బిత్తరపోయాడు.

గొర్రె బొచ్చు పొడుగెంత? వేలెడు. మరి ఆ వేలెడు వెంట్రుకలతో అంత పొడుగు దారం ఎలా వచ్చింది? అతుకు లేదు, ముడి లేదు, లాగితే తెగలేదు!

"ఈ ఉన్ని ఎవరు వడికారండీ?"

"మా ఇంటిదే వడుకుతది. గోపాల్‌పేట అవతల మా ఊరు. ఏం, గొంగడి గావాల్నా?"

"గొంగడి కాదు, మీ ఆవిడ కావాలి!" అన్నాను. ఆయన ఇంకాస్త బిత్తరపోయాడు. కానీ బస్సులో నాక్కూడా సీటు పట్టాడు.

గోపాల్‌పేట అవతల

బాలయ్య భార్య మల్లమ్మ వాకిట్లో రాట్నం ముందు కూర్చుని ఉంది. నా సంచిలోని పట్టు చూసి, నా గోడు విని, పెద్దగా నవ్వింది.

"గొర్రె బొచ్చుల పట్టు కలిపి వడకాల్నా? మా అమ్మ ఇనుంటె నన్ను గొడ్తుండె."

అయినా కుతూహలం ఆమెకీ పుట్టింది. మామూలు బొచ్చు గరుకని, గొర్రెపిల్లల మొదటి కత్తిరింపు ఉన్ని లోపలినుంచి తెచ్చింది. పట్టు కొస ఒకటి ఉన్నితో పాటు అందించింది. జారిపోయింది. మళ్ళీ అందించింది, మళ్ళీ జారింది. నాలుగోసారి రాట్నం ఆపి నా వైపు చూసింది.

"పొడుగైతె పట్టదు. గొర్రె బొచ్చంత జెయ్యాలె. కత్తెర ఉన్నదా?"

కత్తెర నా సంచిలోనే ఉంది. కానీ చెయ్యి రాలేదు. మూరన్నర కొసల్ని పొడుగు చేయడానికి కదా రెండు రోజులు కష్టపడ్డాను, ఇప్పుడు వేలెడు ముక్కలు చెయ్యాలా? మల్లమ్మే నా చేతిలోంచి కత్తెర తీసుకుని, నెమలికంఠం కొసలు నాలుగు కచకచా కత్తిరించి, ఉన్నిలో కలిపి ఏకి, ఏకుని రాట్నానికి అందించింది.

దారం వచ్చింది! నల్లటి దారంలో అక్కడక్కడా నెమలికంఠం మెరుపు. నేను లాగాను, తెగలేదు. మెలితిప్పాను, ఊడలేదు. ఆ వాకిట్లో చిందులేశాను. బాలయ్య గొర్రెల దగ్గరినుంచి పరిగెత్తుకొచ్చాడు.

మరుక్షణం నీరుగారిపోయాను. నలుపు! పెళ్ళికి నలుపు ఎలా పట్టుకెళ్ళను?

"మా వైపు పెళ్ళింట్లోకి నల్లగుడ్డ రానివ్వరు మల్లమ్మా," అన్నాను బిక్కమొహంతో.

"నల్లపూసలు మెడల ఏసుకోరా మీరు?"

నేను చేతిలోని నల్లదారం వేలికి చుట్టుకుని విప్పాను.

"మా ఇండ్లల్ల పెండ్లంటె ముందుగాల గొంగడే పరుస్తరు. పిలగాడు, పిల్ల దానిమీదనె కూసుంటరు. గొంగడి పరవకుంటె గదేం పెండ్లి? గీ నలుపు అద్దింది గాదు చెల్లె, గొర్రె పుట్టుకతోని తెచ్చుకున్నది. పరేషాన్ గాకు. ఏకుతున్న, నువ్వు కత్తిరియ్యి."

కత్తిరించాను. ఈరమ్మ ఇచ్చిన మెరూన్ కూడా. అది కత్తిరించేటప్పుడు మాత్రం గుండె చివుక్కుమంది.

నాగర్‌కర్నూల్ లాడ్జిలో గొర్రె వాసన

నాగర్‌కర్నూల్‌లో రోజుకి ఐదు వందల గది తీసుకుని, మూడు రోజులు మల్లమ్మ ఊరికి వెళ్ళి వచ్చాను. పొద్దున ఆమెతో కత్తిరించడం, మధ్యాహ్నం వడికిన దారం తెచ్చుకోవడం, గదిలో కుంకుడురసంతో ఉతికి ఆరెయ్యడం, తడి ఆరిన దారంతో కుట్టడం. దారం లావు కాబట్టి పెద్దసూది, పని పరుగెత్తింది. తడిసిన ఉన్ని వాసన ఎంతటిదో మాత్రం నాకు ముందు తెలియదు. రెండో రోజు మేనేజరు తలుపు కొట్టి లోపలంతా కలియజూశాడు.

"ఏమనుకోకక్కా. రూంల గొర్రెను బెట్టినవా ఏంది? కింద అందరు అడుగుతున్నరు."

ఆరేసిన దారం చూపించి సంగతంతా చెప్పాను. ఆయన మర్నాటినుంచి నా దారానికి డాబా తాళంచెవి ఇచ్చాడు. పైగా కాపలాకి రెండుసార్లు తనే ఎక్కి చూసొచ్చాడు.

మల్లమ్మ ఉన్నికి, వడికిన కూలికి కలిపి తొమ్మిది వందలు అడిగింది. నేను వెయ్యి ఇస్తే వంద వెనక్కిచ్చి, సజ్జరొట్టెలు మూటగట్టింది. విదేశీ పట్టు ఒక ఉండ ధర కంటే తక్కువలో నా చేతిలో శాలువాకి సరిపడా దారం ఉంది, ప్రపంచంలో ఏ కొట్లోనూ దొరకని దారం. బస్సెక్కాక మెడకి చుట్టుకుని చూశాను. గుచ్చుకుంది. పిల్ల ఉన్నయినా ఉన్ని ఉన్నే. నలుపు చాలదన్నట్టు ఇదొకటా అనుకుంటూ రైలంతా కుట్టాను.

రిజిస్ట్రారు ఆఫీసులో

పెళ్ళికి ముందురోజు శాలువా పూర్తయింది. అక్క దాన్ని వెలుగులోకి పట్టుకెళ్ళి చాలాసేపు చూసింది. నేను ఈరమ్మ గురించి, బాలయ్య గురించి, మల్లమ్మ అన్న మాటల గురించి గబగబా చెప్పుకుపోయాను. అక్క భుజాల మీద వేసుకుంది. మెడ గోక్కుంది. మళ్ళీ గోక్కుంది.

"బాగుందే," అంది. అంతే. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మర్నాడు ఆఫీసులో మా వంతు ఇంకా రాలేదు. వరండాలో ఒక పాత చెక్కబల్ల, దాని నిండా దుమ్ము. వెంకటరత్నం గారు నిలబడే ఉన్నారు, పంటు మీద నిలబడి నిలబడి ఆయనకి అలవాటు. అక్క మడిచి చేతి మీద వేసుకున్న శాలువా విప్పింది. బల్ల మీద మెల్లగా పరిచింది, ముడతలు లేకుండా నాలుగు మూలలూ సర్దింది, బల్లగుడ్డ సర్దే అలవాటుతోనే. మామిడిపండు రంగు చీరతో ఆ నలుపు మీద కూర్చుంది. మెరూన్ మెరుపులు చీర అంచుతో ఎంచక్కా కలిశాయి. పక్కన చేత్తో తట్టి, "రండి, మీరూ కూర్చోండి," అంది.

ఆయన కూర్చున్నారు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

లోపలినుంచి గుమస్తా ఇద్దరి పేర్లూ పిలిచాడు. ఆయన లేవబోయారు. అక్క ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"వస్తున్నామండీ," అంది లోపలికి వినబడేలా. "ఒక్క నిమిషం. ఇప్పుడే కూర్చున్నాను."